మోకాలు పెట్టి మడవాలి

ఈ రోజు నాకు ఉత్సాహంగా ఉంది, ఎందుకంటే. పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరమూ పూర్తి చెయ్యాల్సిన వాక్యం ఇది, మా ఆఫీసు ఆచారం, ఎందుకంటే తర్వాత ఏదో ఒక మంచి ముక్క పెట్టి తీరాలి, నిద్ర చాలలేదనీ నడుము పట్టేసిందనీ అనకూడదు, మిగతా రోజుల్లో నేను కిటికీ వంక చూసి ఎండ బాగుందనో మబ్బు బాగుందనో చెప్పి గట్టెక్కేస్తాను, ఒకసారి ఏమీ తోచక కొత్త చెప్పులు కరవడం లేదని చెప్పాను, దానికీ చప్పట్లు కొట్టారు. ఈ రోజు మాత్రం నా వంతు రాకముందే కాళ్లు నేల మీద నిలవలేదు, పదకొండింటికి మా పిన్ని వస్తోంది అనేశాను, పిన్ని రావడమంటే వీడియో రావడమని అందరికీ తెలుసు, మేడమ్ అయితే నా భుజాలు పట్టుకుని ఊపేసింది. మేడమ్ అంటే ఈ సోషల్ మీడియా ఏజెన్సీ పెట్టినావిడ, చాటుగా అందరం ఉత్సాహం మేడమ్ అంటాం, ఒకసారి నోరు జారి ఎదురుగానే అనేస్తే కోప్పడలేదు సరికదా ఆ పేరు బాగుందంది. మీటింగు బల్లకి ఒక మూల సైకిలు గంట మరలతో బిగించి ఉంటుంది, మంచి వార్త వచ్చినవాళ్లు దాన్ని మోగించాలి, చేరిన దగ్గర్నుంచీ నేను దాన్ని తుడవడమే తప్ప మోగించింది లేదు, ఈ రోజు మోగించేది నేనే. గోడ గడియారంలో ఇప్పుడే పది దాటింది. ఇంకో గంట ఎలా గడపాలో తెలియడం లేదు.

కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తోచక మళ్లీ కూర్చుంటున్నాను, కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు అని ఎవరో అన్నారు, అననీ, నా చేతికి విడిగా అప్పజెప్పిన మొదటి పని ఇది, మొదటి క్యాంపెయిన్, అదీ ఎవరికి, బట్టలారేసుకునే మడత స్టాండుకి. చెబితే నవ్వొస్తుంది, సినిమాతారలూ కార్లూ ఉన్న లోకంలో నేను ఎగిరి గంతేస్తున్నది ఒక ఇనప స్టాండుని చూసి. ఆ కంపెనీ సేల్స్ సారు మొదట అడిగింది నవ్వుల జంటని, ఆ మొగుడూ పెళ్లాలు ఏం అమ్మినా నవ్వుతారు, పరుపు అమ్మినా పళ్లపొడి అమ్మినా అదే నవ్వు, లక్షల్లో ఫాలోవర్లు, తెల్ల దుప్పటి ఆరేసి ఇటు నుంచి ఒకరూ అటు నుంచి ఒకరూ తొంగి చూసుకుంటారని కథ కూడా సిద్ధం చేసి పెట్టుకున్నారు. అందరం బాగుందన్నాం. నేనూ బాగుందన్నాను, దాంతో పాటు మా పిన్ని కూడా ఉందండీ అన్నాను, ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గొణుగుడు పిన్ని అని పిన్ని వీడియోల ఛానెల్‌కి పేరు పెట్టింది నేనే, మొదట సరదాకి తీశాను, పిన్ని కొత్త బకెట్టు కొనుక్కొచ్చి దాని పిడిని తిట్టుకుంటూ నీళ్లు మోస్తోంది, నేను ఫోను ఎత్తాను, ఏమే తొందరా, నా మొహం మీద పెడతావేం, ఈ పిడి మీద పెట్టు, చూడనీ జనాన్ని, అంది. తొందర నేనే, నెలలు నిండకుండా పుట్టానని పిన్ని పెట్టిన పేరు, ఇంట్లో అసలు పేరు మర్చిపోయారు. ఆ బకెట్టు వీడియో కింద ఎవరో, అయితే ఏ బకెట్టు కొనమంటావు పిన్నీ, అని అడిగారు, ఎవరి పిన్ని ఎవరికి పిన్ని, అక్కడ్నుంచి మొదలైంది, కుక్కరు కొనమంటావా, ఈ గొడుగు సంగతేంటి, ఈ చెప్పులు వానకి ఆగుతాయా. మరీ ఎక్కువమంది లేరు, ఉన్నవాళ్లు మాత్రం పిన్ని అవునంటే కొంటారు, మూతి ముడిస్తే మానేస్తారు. పిన్ని దేన్నీ మెచ్చుకోదు, తక్కువ తిట్టిందంటే అదే మెప్పు, అది వాళ్లందరికీ తెలుసు.

స్టాండు వీడియో పిన్ని బాల్కనీలో తీశాం, ముందే షరతు పెట్టింది, నా మాట ఒక్కటి కోసినా నా పేరు మీద పెట్టొద్దు, కోశావో నీకూ నాకూ మాటల్లేవు. తప్పకుండా పిన్నీ, అన్నాను. కెమెరా వంక కోపంగా చూస్తూ చెప్పింది, ఇది డబ్బులిచ్చి చెప్పించుకుంటున్నారు, ఆ సంగతి ముందే చెబుతున్నా, తడి దుప్పటి వేశాను, వంగలేదు, గాలి తోలింది, పడలేదు, మడవడం మాత్రం చేత్తో అయ్యే పని కాదు, మోకాలు పెట్టి మడవాలి, నాకు మోకాళ్ల నొప్పులు, అయినా ఉంచుకుంటాను. అంతే, అయిపోయిందా, టీ పెట్టుకోవాలి, అని లేచి వెళ్లిపోయింది. అయినా ఉంచుకుంటాను అన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఆ నాలుగు ముక్కల గొణుగుడులో స్టాండుకి ఇంతకన్నా పెద్ద ప్రేమలేఖ ఎవరు రాయగలరు, నవ్వుల జంట నవ్వీ నవ్వీ చచ్చినా ఈ మాట అనలేరు. తల్చుకుంటుంటే ఇప్పుడు కూడా నవ్వాగడం లేదు, గట్టిగా నవ్వితే మళ్లీ పిల్లి అంటారు.

అది గొణుగుడు కూడా కాదు నిజానికి, దాని పుట్టుక ఎక్కడో నాకు తెలుసు. అమ్మా నాన్నా ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు, బడి వదిలాక నన్ను అమ్మ చెల్లెలి దగ్గర దింపేవాళ్లు, పిన్ని దగ్గరంటే బస్టాండు ఎంక్వైరీ గదిలో, అద్దానికి గుండ్రటి కన్నం, కన్నానికి ఇవతల పిన్ని ఎత్తు కుర్చీ, కుర్చీ కింద చాప మీద నేనూ నా ఎక్కాల పుస్తకమూ, తలెత్తితే పిన్ని చెప్పులు ఊగుతూ కనిపించేవి. పక్క కుర్చీలో ఒక పెద్దాయన ఉండేవాడు, మహా తీపి మనిషి, ఎవరేమడిగినా వచ్చేస్తోందండీ, దారిలో ఉంది, ఇప్పుడే, అనేవాడు, జనం ఆయనకి దణ్ణం పెట్టి వెళ్లి సంచులు పట్టుకుని మధ్యాహ్నమంతా నిలబడేవాళ్లు, పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్లడానికి కూడా భయమే, ఈలోగా వచ్చేస్తుందేమోనని. పిన్ని మైకు నొక్కి, రాదు, అనేది. రాదు, దారిలో చెడిపోయింది, సాయంత్రం దాకా రాదు, వెళ్లి తినేసి రండి. జనం తిట్టేవాళ్లు, నోట్లోంచి ఒక మంచి మాట రాదు ఈవిడకి అనేవాళ్లు, తిట్టి, వెళ్లి, తిని, మొహం కడుక్కుని, బెంచీ మీద ఓ కునుకు తీసి వచ్చేవాళ్లు. ఒకరోజు ఒకాయన కన్నంలోకి మొహమంతా దూర్చేశాడు, వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉంది, ఎలాగైనా వెళ్లాలి, పెద్దాయన వచ్చేస్తుందండీ అనబోతుంటే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది, ఈ రోజు రాదు, నమ్ముకుని కూర్చోకండి, వెనక గేటు దగ్గర పాల వ్యాన్లు ఆగుతాయి, పరిగెత్తండి, అంది. ఆయన తిట్టలేదు, పరిగెత్తాడు. కొన్నాళ్లకి మళ్లీ వచ్చాడు, గడ్డం మాసిపోయి ఉంది, కన్నం దగ్గర వంగి, అమ్మ చివరి చూపుకి అందానండీ, అన్నాడు, అంతే, వెళ్లిపోయాడు. పిన్ని ఆ పూట మరి మైకు ముట్టుకోలేదు, గొంతు బాగాలేదని పెద్దాయన్ని చెప్పమంది. కుర్చీ కింద నేను ఏడో ఎక్కం మొత్తం మర్చిపోయి కూర్చున్నాను. బస్సు చెప్పిన వేళకి వచ్చిన రోజుల్లో మాత్రం పిన్ని గొంతు మైకులో కొంచెం పైకి లేచేది, కొంచెమే, బయట ఎవరికీ తెలిసేది కాదు, నాకు తెలిసేది, ఎందుకంటే అప్పుడు చెప్పులు ఊగడం ఆగిపోయేది.

"ఏది పెట్టమంటావు?"

ఎడిటర్, మేం కత్తెర అంటాం, ల్యాప్‌టాప్ ఒక చేత్తో టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని నా బల్ల ముందు నిలబడి ఉన్నాడు, నేను ఇంకా బస్టాండులోనే ఉన్నాను, ఏది ఏంటి, అన్నాను.

"రెండున్నాయి కదా. మోకాలున్నది ఒకటి, లేనిది ఒకటి. లేనిది ఎక్కించేశాలే, పదకొండింటికి దానంతటదే వెళ్తుంది. ఎందుకైనా మంచిదని అడుగుతున్నా."

లేనిది ఎవరు చెయ్యమన్నారు, అని అడగడానికి నోరు తెరిచాను, అంతలో నిన్న సాయంత్రం ఫోను మీటింగు గుర్తొచ్చింది. సేల్స్ సారు వీడియో చూసి అంతా బాగుందన్నాడు, నేను గాల్లో తేలిపోతున్నాను, చివర్లో, పెట్టేసే ముందు, ఆ మోకాలు ముక్క ఒక్కటి తీసేస్తారు కదా, అన్నాడు. మా ఆఫీసులో కాదు, లేదు, కుదరదు అనే మాటలు లేవు, మీటింగు గది గోడ మీద పసుప్పచ్చ అక్షరాలతో, అవును, దాంతో పాటు, అని రాసి ఉంటుంది, ఎవరేమన్నా ముందు అవుననాలి, ఆ తర్వాత దాంతో పాటు అని నీ మాట చేర్చుకోవచ్చు, చేర్చే వీలు లేకపోతే తప్పకుండా అనాలి. తప్పకుండా, అంది మేడమ్. తప్పకుండా, అన్నాడు కత్తెర. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరం తప్పకుండా అన్నాం, ప్రార్థనలో ఆమెన్ అన్నట్టు, నేను టీ తాగుతూ గ్లాసులోకి అన్నాను, ఏం అన్నానో నాకే వినపడలేదు. బాల్కనీలో పిన్నితో అన్నదీ అదే మాట, సేల్స్ సారుతో అన్నదీ అదే మాట, ఇద్దరూ నమ్మారు. పప్పులో కాలేశాను, ఒక్క కాలు కాదు, రెండూ.

వీడియో మళ్లీ వేసి చూశాను, మోకాలు లేనిది. కత్తెర పనిమంతుడు, అతుకు కనపడదు, పిన్ని చెబుతోంది, వంగలేదు, పడలేదు, అయినా ఉంచుకుంటాను. అయినా ఏంటి. దేనికి అయినా. వంగకపోయినా పడకపోయినా ఉంచుకుంటుందా. పిన్ని నోట్లో పిన్నిది కాని మాట, నవ్వని నవ్వుల జంట అయిపోయింది నా పిన్ని, పదకొండింటికి ఇది వెళ్లిపోతుంది, కింద జనం అడుగుతారు, ఏం పిన్నీ నీకూ డబ్బులిచ్చేశారా, అంటారు, ఆ మాట పడ్డాక ఇక కుక్కరు సంగతీ గొడుగు సంగతీ ఎవరూ అడగరు. పిన్ని ఏమీ అనదు, ఫోను చెయ్యదు, అంతే, మాటల్లేవంటే నిజంగానే ఉండవు, మా మావయ్యతో ఒక రేడియో గురించి మొదలైన మౌనం ఆయన పోయేదాకా సాగింది. చిత్రమేంటంటే ఆ ఉత్సాహం పోలేదు, పొద్దున చప్పట్లలో ఉన్నదానికంటే ఇప్పుడే ఎక్కువగా ఉంది, పరుగు పందెంలో ఈల వేసే ముందు నిలబడినప్పుడు ఇలాగే ఉండేది నాకు, అరికాళ్లు వేడిగా.

కత్తెర చెవిలో ఒక్క మాట చెబితే చాలు, మోకాలున్నది ఎక్కించేస్తాడు, వాడు కూడా తప్పకుండా అనేవాడే, వెళ్లిపోయాక సేల్స్ సారు అరిస్తే అయ్యో పొరపాటైందండీ అని నీళ్లు నమలొచ్చు. హాయిగా ఉంది ఈ ఆలోచన, లేచి రెండడుగులు వేశాను కూడా, అప్పుడు పెద్దాయన గొంతు వినపడింది, వచ్చేస్తోందండీ, దారిలో ఉంది. తీపి మనిషి. ఇదీ అదే కదా, ఎదటివాడి మొహం మీద చెప్పలేక వాణ్ణి సంచి పట్టుకుని నిలబడనివ్వడం. చెబితే ముందే చెప్పాలి, కన్నంలోంచి, మైకులో, అందరికీ వినపడేలా.

బాత్రూములోకి వెళ్లి తలుపు గడియ పెట్టి అద్దం ముందు నిలబడ్డాను. కాదండీ. లేదండీ. కుదరదండీ. మాట వస్తోంది కానీ మొహం నవ్వుతోంది, ఇన్నాళ్లుగా నవ్వీ నవ్వీ బుగ్గలు అలాగే అతుక్కుపోయాయి, నవ్వుతూ కాదంటే వినేవాళ్లకి అవుననే వినిపిస్తుంది. పిన్నిలా మూతి బిగించి చూశాను, కనుబొమలు కిందికి, గడ్డం పైకి, కాదు, అన్నాను, అద్దంలోంచి నిజంగానే పిన్ని చూసింది, ఉలిక్కిపడ్డాను, తర్వాత పగలబడి నవ్వాను, బయట ఎవరో తలుపు తట్టి బాగానే ఉన్నావా అన్నారు, బ్రహ్మాండంగా ఉన్నాను, అన్నాను. అదైనా నిజమే చెప్పాను.

మేడమ్ సంగతే తెగడం లేదు. ఆవిడ అవును వల్లే నేనిక్కడ ఉన్నాను, ఎక్కడెక్కడో ఇంటర్వ్యూల్లో మొహం మీదే వద్దన్నాక ఇక్కడికొచ్చి, నాకు చేతనైంది ఒక్కటేనండీ, చిన్నప్పుడు కుర్చీ కింద కూర్చుని జనం ఏం అడుగుతారో విన్నాను, అన్నాను, పక్కనున్నవాళ్లు బిక్కమొహాలు వేశారు, ఆవిడ మాత్రం, అవును, దాంతో పాటు రేపు వచ్చేయ్, అంది. ఆవిడ పనిచేసిన పాత ఆఫీసు గురించి ఒకసారి చెప్పింది, అక్కడ పై అధికారి ఏ ఆలోచన చెప్పినా తలెత్తకుండా నో అనేవాడట, ఆవిడ ఒక రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చి, నా ఆఫీసంటూ ఉంటే ఆ మాట లోపలికి రానివ్వనని ఒట్టు పెట్టుకుందట. ఆ గోడ మీది పసుప్పచ్చ అక్షరాలు వేళాకోళం కావు, ఆవిడ ఏడుపులోంచి వచ్చినవి. వాటి కింద నిలబడి ఇప్పుడు నేను ఆ మాట అనాలి. ఆవిడ మొహం ఎలా మారుతుందో తల్చుకుంటే తలుపు గడియ తీయబుద్ధి కావడం లేదు, ఆవిడంటే నాకు ప్రాణం, ఆ మాట కూడా ఎప్పుడూ ఆవిడతో అనలేదు.

మీటింగు గదిలో తెరలు దించేశారు, గోడ మీద పెద్ద బొమ్మ పడే యంత్రం వెలిగింది, కొత్త వీడియో వెళ్లేటప్పుడు అందరం కలిసి చూడడం కూడా ఆచారమే, సేల్స్ సారు బల్ల మధ్య ఫోను స్పీకరులో ఉన్నాడు, మా ఆఫీసు వాళ్లంతా స్టాండు చుట్టూనే ఉన్నారండీ, మేమూ చూస్తున్నాం, అని ఉషారుగా చెబుతున్నాడు. గడియారం పెద్ద ముల్లు పన్నెండు అంకె దగ్గరికి పాకుతోంది. మేడమ్ నన్ను చూసి రా రా అని తన పక్క కుర్చీ లాగింది. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ టీ గ్లాసులోకి మాట్లాడతాను.

"సార్, వెళ్లే ముందు ఒక్క మాట చెప్పాలి. ఆ మోకాలు ముక్క తీయడం లేదండీ."

"అదేంటమ్మా," అన్నాడు సేల్స్ సారు, "నిన్న అందరూ తప్పకుండా అన్నారు కదా."

"అన్నామండీ. అనకుండా ఉండాల్సింది. మాకది అలవాటైపోయింది."

"పోనీ ఇప్పుడు తీసేయండి, ఇంకా టైముంది."

"కాదండీ," అన్నాను. వచ్చేసింది. మూతి బిగించనక్కర్లేదు, కనుబొమలు దించనక్కర్లేదు, మామూలు గొంతుతోనే వచ్చింది, చల్లటి నీళ్లు తాగినట్టుంది, "అది తీస్తే మా పిన్ని మాట కాదు. పిన్ని మాట కాకపోతే అసలు వీడియోనే పెట్టం. మీ స్టాండు మంచిదండీ, ఆవిడ ఉంచుకుంటానంది, ఆవిడ దేన్నీ అలా అనదు. కానీ మోకాలు సంగతి చెప్పాక అంది."

నేను మేడమ్ వంక చూడలేదు, చూస్తే ఆగిపోతాను, బల్ల అంచు వంకా, సైకిలు గంట వంకా చూస్తున్నాను, మాట అనేశాక ఆ ఊపు అంతా పోయి ఖాళీ అయిపోతానేమో అనుకున్నాను, కాలేదు, చెవులు మోగుతున్నాయి, ఈ గది, ఈ చీకటి, ఈ గోడ అంతా స్పష్టంగా కనిపిస్తోంది.

"మేడమ్, ఉన్నారా," అంటోంది స్పీకరు, "పిల్ల ఆవేశపడుతోంది. మీరు చెప్పండి. కుదురుతుంది కదా?"

మేడమ్ గోడ మీది అక్షరాల వంక చూసింది. పెదాలు అవును అనడానికి గుండ్రంగా అయ్యాయి, నేను చూశాను, అందరూ చూశారు. ఆ పెదాలు అలాగే కాసేపు ఉండి, మూసుకుని, మళ్లీ తెరుచుకున్నాయి.

"కుదరదండీ," అంది. ఎంత చిన్నగా అందంటే ఆవిడ గొంతేనా అనిపించింది. తర్వాత గొంతు సవరించుకుని, కొత్త చెప్పులు వేసుకుని మొదటి అడుగు వేసినట్టు జాగ్రత్తగా మళ్లీ అంది, "కుదరదు."

స్పీకరులో ఇనుము కిర్రుమంది. ఎవరో ఏదో లాగుతున్నారు, అబ్బా అన్నారు, మళ్లీ లాగారు, ఇటు తిప్పండి సార్ అని ఇంకో గొంతు, కాదు అటు అని ఇంకొకటి, దేనికో తగిలి గ్లాసు పడిన చప్పుడు. మేం స్పీకరు మీదకి వంగాం, కత్తెర అరచేత్తో నోరు మూసుకున్నాడు. చివరికి టక్ మంటూ గట్టి చప్పుడు, ఆ వెంటనే సేల్స్ సారు నిట్టూర్పు.

"ఇది ఎప్పుడూ ఇలాగేనా మడవడం?"

"అవునండీ," అన్నాం అందరం ఒకేసారి, ఈసారి అలవాటు పనికొచ్చింది.

"మోకాలు పెట్టాల్సిందేనన్నమాట." ఆ గొంతులో ఈ స్టాండుల్ని ఎన్నాళ్లుగా అమ్ముతున్నాడో, ఒక్కసారైనా మడిచాడో లేదో అన్నీ వినిపించాయి నాకు. "ఉంచండి. ఉంచండమ్మా. నేను మా ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడతాను."

కత్తెర వేళ్లు ఎలా కదిలాయో చూడలేదు, మోకాలు లేనిది పోయింది, ఉన్నది ఎక్కింది, పదకొండయింది, గోడ మీద మా పిన్ని బాల్కనీ, మా పిన్ని కోపం, ఇది డబ్బులిచ్చి చెప్పించుకుంటున్నారు, ముందే చెబుతున్నా. చీకట్లో మేడమ్ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది, చెమటగా ఉంది ఆ చెయ్యి, నాదీ చెమటే, నేను అనాలనుకున్న మాట అనలేదు, పట్టుకునే ఉన్నాం. మోకాలు పెట్టి మడవాలి, అంది గోడ మీది పిన్ని, స్పీకరులో సారు పెద్దగా నవ్వాడు, అయినా ఉంచుకుంటాను అన్నప్పుడు నా ఒళ్లు మళ్లీ జలదరించింది, కింద మాటలు పడడం మొదలైంది, అయితే కొనేస్తున్నా పిన్నీ, నాకూ మోకాళ్ల నొప్పులే పిన్నీ నా మొగుడితో మడిపిస్తా, ఒకదాని మీద ఒకటి, చదివేలోగా పైకి వెళ్లిపోతున్నాయి. గంట, గంట, అని ఎవరో అన్నారు, అందరూ అందుకున్నారు, తెరలు ఎత్తేశారు, వెలుతురు గదంతా పడింది, నా చెయ్యి మీటింగు బల్ల మూలకి వెళ్లింది, బొటనవేలు సైకిలు గంట మీద ఆనింది, చల్లగా ఉంది, అప్పుడే జేబులో ఫోను మోగింది.

"ఏమే తొందరా, చూశాను. ఆ వెలుతురేంటి, నా మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. వెనకాల ఆ చిరుగుల తువ్వాలు తీసేయమని చెప్పానా లేదా. నా గొంతు కూడా బాగాలేదు, జలుబు చేసినదానిలా." బాల్కనీలో కూర్చున్నట్టుంది, ఆ ఊగే చెప్పు స్టాండు కాలికి తగులుతూ టిక్కు టిక్కుమంటోంది. "మోకాలు ఉంచావు."

"ఉంచాను పిన్నీ."

"తీయమని అడిగే ఉంటారే."

"అడిగారు."

"ఏమన్నావు?"

"కాదన్నాను."

టిక్కు టిక్కు ఆగిపోయింది. నేను ఎక్కడున్నానో ఒక్క క్షణం తెలియలేదు, మీటింగు గదిలో ఉన్నానో చాప మీద ఉన్నానో, తలెత్తి చూస్తే పైన కదలని చెప్పులు కనిపిస్తాయనిపించింది.

"నెలలు నిండకుండా పడ్డదానివి," అంది పిన్ని, "ఈసారి చెప్పిన వేళకి వచ్చావే."

గొంతు కొంచెం పైకి లేచింది, కొంచెమే. చుట్టూ అందరూ నా బొటనవేలి వంకే చూస్తున్నారు. నేను గంట మీద నుంచి చెయ్యి తీసేసి ఫోనుని రెండు చేతులతోనూ పట్టుకున్నాను.